పుట్టి ఒకటే, తూకం వేరు: రెండు చార్టుల్లో ఆర్‌ఎస్‌ఐని కలపడం ఎలా?

నెల్లూరులో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. మా నాన్న స్టోన్‌హౌస్‌పేటలో ధాన్యం కమీషను వ్యాపారం చేసిన రోజుల్లో, బయటి ప్రాంతం నుంచి ఎవరైనా ఫోను చేసి "పుట్టి ఎంత?" అని అడిగితే ధర చెప్పేవారు కాదు. "మీ పుట్టికి ఎన్ని కిలోలు?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. మాట ఒకటే అయినా అన్నిచోట్లా బరువు ఒకటి కాదని ఆయనకు తెలుసు.

"ఆర్‌ఎస్‌ఐ 14" కూడా అలాంటి మాటే. షేరు ధర ఈమధ్య ఎంత జోరుగా పెరిగిందో, తగ్గిందో 0 నుంచి 100 లోపు ఒక అంకెగా చెప్పే కొలత ఆర్‌ఎస్‌ఐ. 30 కంటే దిగితే అతిగా పడిందనీ, 70 దాటితే అతిగా పెరిగిందనీ చూస్తారు. 14 అంటే రోజువారీ చార్టులో లెక్కకు తీసుకునే రోజులు. ఒంగోలులో ఉండే మా బావమరిది ఒక రాత్రి ఫోను చేశాడు.

"బావా, ఆ షేరుకి నీ చార్టులో ఆర్‌ఎస్‌ఐ ఎంత చూపిస్తోంది?"

"అరవై మూడు."

"నా దానిలో యాభై ఎనిమిది. ఇద్దరమూ పద్నాలుగే పెట్టుకున్నాం కదా?"

అదే షేరు, అదే రోజు, అదే పద్నాలుగు. ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికి మాకు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. తప్పుడు చోట మొదలుపెట్టడం వల్లే అంత సమయం పోయింది. ఏ వరసలో వెతికి ఉంటే గంటలో తేలేదో, ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు ఆర్‌ఎస్‌ఐని తీసుకున్నాను. మిగతా ఇండికేటర్ల (ధరల నుంచి కట్టే ఇలాంటి కొలతల) సంగతి చివర్లో వస్తుంది.

ముందుగా, చేయకూడని పని ఒకటి. రెండు గీతలు కలవలేదని సెట్టింగులోకి వెళ్లి పద్నాలుగును పదమూడు చేసి, పదిహేను చేసి, కలిసేదాకా తిప్పకండి. మేము సరిగ్గా అదే చేశాం. ఒక అంకె దగ్గర రెండూ కలిశాయి కూడా. సోమవారం మార్కెట్ మూసేసరికి మళ్లీ విడిపోయాయి.

మొదటి అడుగు: ఒకే ఒక్క క్యాండిల్‌ను ఎంచుకోండి

గీతలను పక్కపక్కన పెట్టి కంటితో పోల్చవద్దు. ఫోను తెర నిలువుగా ఉంటుంది, కంప్యూటర్ తెర అడ్డంగా ఉంటుంది. ఒకే గీత ఒకచోట కొండలా, ఇంకోచోట గట్టులా కనిపిస్తుంది. పోల్చవలసినవి అంకెలు.

రోజువారీ చార్టు తెరవండి. నిన్నటిదో మొన్నటిదో, పూర్తిగా ముగిసిన ఒక క్యాండిల్‌ను (ఆ రోజు ప్రారంభ, గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరలను చూపే కడ్డీని) తీసుకోండి. నేటిది వద్దు. మార్కెట్ నడుస్తున్నంతసేపూ దాని ముగింపు ధర మారుతూనే ఉంటుంది, దానితోపాటు ఆర్‌ఎస్‌ఐ కూడా మారుతుంది. మీరు ఒక తెర నుంచి ఇంకో తెరకు కళ్లు తిప్పేలోపే అంకె మారిపోవచ్చు. ఎంచుకున్న తేదీని, రెండు చార్టు ప్రోగ్రాములు చూపే ఆర్‌ఎస్‌ఐ విలువలను పుస్తకంలో రెండు దశాంశాల వరకూ రాసుకోండి. చార్టు రకం మామూలు క్యాండిలేనా, హైకెన్ ఆషి ఏమైనా పెట్టి ఉందా అన్నది కూడా ఇప్పుడే చూడండి. హైకెన్ ఆషిలో కనిపించే ముగింపు ధర అసలు ధర కాదు, నాలుగు ధరల సగటు.

రెండో అడుగు: ధరలు కలిశాయా?

ఎక్కువ తగవులు ఇక్కడే తేలిపోతాయి. విచిత్రం ఏమిటంటే, ఎక్కువమంది అసలు చూడనిదీ ఇదే. వడ్లు వేరైతే బియ్యం ఎలా ఒకటవుతాయి? ఆర్‌ఎస్‌ఐ జోలికి వెళ్లకముందే, ఎంచుకున్న తేదీకీ దానికి ముందున్న పది పదిహేను రోజులకూ ప్రారంభ ధర, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు రెండు ప్రోగ్రాముల్లోనూ ఒకటేనో కాదో చూడండి. పైసా తేడా ఉన్నా గుర్తు పెట్టుకోండి. తేడాకు కారణాలు సాధారణంగా ఇవే ఉంటాయి.

ఒకటి, ముగింపు ధర అంటే ఏది? ఎన్‌ఎస్‌ఈ నగదు విభాగంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం అధికారిక ముగింపు ధర అంటే 3:30కి జరిగిన చివరి లావాదేవీ ధర కాదు. 3:00 నుంచి 3:30 వరకూ జరిగిన లావాదేవీల ధరలకు, పరిమాణాన్ని బట్టి కట్టిన సగటు. కొన్ని ప్రోగ్రాములు రోజువారీ క్యాండిల్‌కు ఈ అధికారిక ధరను తీసుకుంటాయి. కొన్ని నిమిషాల క్యాండిళ్లను పోగుచేసి రోజు క్యాండిల్‌ను తయారు చేస్తాయి కాబట్టి చివరి లావాదేవీ ధరే వాటికి ముగింపు. చివరి పది నిమిషాల్లో షేరు పరుగెత్తిన రోజున ఈ రెంటికీ బాగా తేడా వస్తుంది. ఎక్స్ఛేంజి కూడా ఒకటేనా అని చూసుకోండి. ఒకరు ఎన్‌ఎస్‌ఈ, ఇంకొకరు బీఎస్‌ఈ చార్టు తెరిచి వాదించుకోవడం నేను కళ్లారా చూశాను.

రెండు, బోనసు, విభజన, డివిడెండు. ఒకటికి ఒకటి బోనసు (ఉన్న ప్రతి షేరుకూ ఇంకొకటి ఉచితంగా) ఇస్తే షేరు ధర సగమవుతుంది. పాత ధరలనూ సగం చేసి చూపే ప్రోగ్రాములో ఏమీ జరగనట్టే ఉంటుంది. సవరించని ప్రోగ్రాములో మాత్రం ఒక్కరోజులో సగం పడిపోయినట్టు పెద్ద ఎర్ర క్యాండిల్ కనిపిస్తుంది, ఆర్‌ఎస్‌ఐ పాతాళానికి జారుతుంది. నా డబ్బు ఒకసారి ఇలాగే పోయింది. "ఆర్‌ఎస్‌ఐ 30 కంటే దిగువకు వచ్చినవి" అని వెతికితే ఒక షేరు దొరికింది. సంతోషంగా కొన్నాను. దానికి అంతకుముందు వారమే బోనసు వచ్చింది, నేను వాడిన డేటాలో ఆ సవరణ లేదు. అసలు ఆర్‌ఎస్‌ఐ 60కి పైనే ఉంది. డివిడెండు సంగతి ఇంకా సున్నితం. ట్రేడింగ్‌వ్యూ అనే చార్టు ప్రోగ్రాము మామూలుగా విభజనలకు పాత ధరలను సవరిస్తుంది. డివిడెండుకు సవరించాలో వద్దో మాత్రం మన ఎంపిక. రెండు ప్రోగ్రాముల్లోనూ ఈ ఎంపిక ఒకేలా ఉండాలి.

మూడు, గంటల చార్టులు చూసేవారికి అసలు చిక్కు. మన మార్కెట్ 9:15కు మొదలవుతుంది. కొన్ని ప్రోగ్రాములు మొదటి గంట క్యాండిల్‌ను 9:15 నుంచి 10:15 వరకూ కడతాయి. కొన్ని గడియారాన్ని అనుసరించి 9:00 నుంచి 10:00 వరకూ కడతాయి. అంటే అందులో నిజంగా ఉన్నది 45 నిమిషాల వ్యాపారమే. ఈ రెంటి ఆర్‌ఎస్‌ఐ జన్మలో కలవదు. ఆమీబ్రోకర్ అనే ప్రోగ్రాములో క్యాండిళ్లను మార్కెట్ వేళలకు సర్దే ఎంపిక ఉంది. అలాంటిది లేని ప్రోగ్రాము అయితే గంట చార్టును వదిలేసి 15 నిమిషాల చార్టులో పోల్చండి, అది రెండు లెక్కల్లోనూ ఒకే చోట మొదలవుతుంది. రోజుకు మనకున్నవి 375 నిమిషాలు. 60తో భాగిస్తే చివర 15 నిమిషాల తోక మిగులుతుంది, 75తో భాగిస్తే సరిగ్గా ఐదు క్యాండిళ్లు. అందుకే మనవాళ్లలో చాలామంది 75 నిమిషాల చార్టు వాడతారు.

క్యాండిల్ పేరు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 15 నిమిషాల చార్టులో "10:00" అని రాసి ఉంటే అది 10:00కు మొదలైనదా, ముగిసినదా? ట్రేడింగ్‌వ్యూలోనూ మెటాట్రేడర్ అనే ప్రోగ్రాములోనూ అది మొదలైన వేళ. ఆమీబ్రోకర్‌లో ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు. ఇది చూసుకోకపోతే పక్క క్యాండిల్‌తో పోల్చి, లేని తప్పు కోసం తల బద్దలు కొట్టుకుంటారు.

మెటాట్రేడర్‌లో విదేశీ కరెన్సీ చార్టులు చూసేవారికి ఇంకో మెలిక ఉంది. అక్కడ రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది బ్రోకరు సర్వరు గడియారాన్ని బట్టి ఉంటుంది. ఒక సర్వరులో వారానికి ఐదు రోజువారీ క్యాండిళ్లు ఉంటే, ఇంకోదానిలో ఆదివారపు బుల్లి క్యాండిల్‌తో కలిపి ఆరు ఉంటాయి. పద్నాలుగు క్యాండిళ్లలో మూడు ఆదివారాలు దూరితే లెక్క ఏమవుతుందో ఊహించండి. (చార్టు చూడటం వేరు, వ్యాపారం చేయడం వేరు. అనుమతి లేని ఫారెక్స్ వేదికల హెచ్చరిక జాబితాను రిజర్వ్ బ్యాంకు 2022 నుంచి ప్రచురిస్తోంది. డబ్బు వేసే ముందు అది చూడండి.)

ధరలు కలవకపోతే ఇక ముందుకు వెళ్లవద్దు. వాటిని కలపలేకపోతే ఆర్‌ఎస్‌ఐని కలిపే ప్రయత్నం అక్కడితో మానేయవచ్చు. ధరలన్నీ కలిసినా ఆర్‌ఎస్‌ఐ కలవకపోతేనే తర్వాతి అడుగు.

మూడో అడుగు: సగటు ఏ రకం?

ఆర్‌ఎస్‌ఐని వెల్లెస్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో పరిచయం చేశాడు. ఏటీఆర్, ఏడీఎక్స్, పారబాలిక్ ఎస్‌ఏఆర్ అనే ఇండికేటర్లు కూడా ఆ పుస్తకంలోవే. లెక్క తేలికైనదే. ధర పెరిగిన రోజుల పెరుగుదలకు ఒక సగటు, తగ్గిన రోజుల తగ్గుదలకు ఇంకో సగటు కట్టాలి. పెరుగుదల సగటును రెండు సగటుల మొత్తంతో భాగించి 100తో గుణిస్తే ఆర్‌ఎస్‌ఐ వస్తుంది. చిక్కంతా "సగటు" అనే మాటలోనే ఉంది.

వైల్డర్ సగటు: నిన్నటి సగటును 13తో గుణించి, నేటి మార్పును కలిపి, 14తో భాగించాలి. పాతదేదీ పూర్తిగా పోదు, కాస్త కాస్తగా పలచబడుతుంది. సాధారణ సగటు: గడిచిన 14 రోజుల మొత్తాన్ని 14తో భాగించడమే. ఈ రకాన్ని కట్లర్ ఆర్‌ఎస్‌ఐ అంటారు. మూడోది ఎక్స్‌పోనెన్షియల్ సగటు, అంటే ఈఎమ్‌ఏ. ఇందులో నేటి మార్పుకు 15లో 2 వంతుల బరువు ఉంటుంది. వైల్డర్ ఇచ్చింది 14లో ఒక వంతు మాత్రమే.

తేడా ఎంత వస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. చేత్తో వేసుకోవడానికి వీలుగా 14కు బదులు 3 తీసుకుంటున్నాను. ముగింపు ధరలు వరసగా 100, 104, 102, 105, 109, 106 అనుకోండి. మార్పులు: 4 పెరుగుదల, 2 తగ్గుదల, 3 పెరుగుదల, 4 పెరుగుదల, 3 తగ్గుదల.

మొదటి మూడు మార్పులకు మూడు పద్ధతుల్లోనూ సాధారణ సగటే కడదాం. పెరుగుదల 7ను 3తో భాగిస్తే 2.33, తగ్గుదల 2ను 3తో భాగిస్తే 0.67. ఆర్‌ఎస్‌ఐ 77.78. ఇక్కడిదాకా ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు.

ధర 109కి చేరిన రోజు: వైల్డర్ 86.67, సాధారణ సగటు 77.78, ఈఎమ్‌ఏ 90.48.

ధర 106కి దిగిన రోజు: వైల్డర్ 59.77, సాధారణ సగటు 70.00, ఈఎమ్‌ఏ 48.72.

ఒకే ఆరు ధరలు, సెట్టింగులో ఒకే "3". ఒకరు ఇంకా ఎత్తులోనే ఉందంటారు, ఇంకొకరు సగానికి దిగిందంటారు. మా బావమరిదికీ నాకూ మధ్య వచ్చిన తేడాలో పెద్ద భాగం ఇదే. ఎవరో రాసిపెట్టిన ఆర్‌ఎస్‌ఐ స్క్రిప్టును అతను ఎక్కించుకున్నాడు, అందులో ఈఎమ్‌ఏ ఉంది.

ట్రేడింగ్‌వ్యూ, మెటాట్రేడర్, ఆమీబ్రోకర్ మూడింటిలోనూ స్వతహాగా ఉండే ఆర్‌ఎస్‌ఐ వైల్డర్‌దే. తేడా ఎక్కువగా బయటినుంచి ఎక్కించుకున్న స్క్రిప్టుల్లో, సొంతంగా రాసుకున్న ఎక్సెల్ షీట్లలో, లోపలి లెక్క చెప్పని చిన్న యాప్‌లలో దూరుతుంది. పేర్ల గందరగోళం కూడా ఉంది. వైల్డర్ సగటునే ట్రేడింగ్‌వ్యూ ఆర్‌ఎమ్‌ఏ అంటుంది, మెటాట్రేడర్ స్మూత్డ్ అంటుంది, ఆమీబ్రోకర్ వైల్డర్స్ అంటుంది. మూడు పేర్లు ఉన్నా మనిషి ఒక్కడే.

మీ ప్రోగ్రాములో ఈఎమ్‌ఏ తప్ప వేరే దారి లేకపోతే ఒక సులువు ఉంది. కావలసిన వైల్డర్ కాలాన్ని రెట్టింపు చేసి ఒకటి తీసేయండి. 14కు 27. ఈఎమ్‌ఏ 27లో నేటి మార్పు బరువు 28లో 2, అంటే 14లో ఒకటి. రెండూ ఒకటే అయిపోయాయి. దీన్ని తిరగేస్తే మాత్రం కుదరదు. ఈఎమ్‌ఏ 14కు సరిపోయే వైల్డర్ కాలం ఏడున్నర. సెట్టింగులో ఏడున్నర పట్టదు కదా.

కొలబద్ద మీరే తయారు చేసుకోండి

ప్రోగ్రాము లోపల ఏముందో తెలియనప్పుడు ఎక్సెల్‌ను నడుమ పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. మొదటి వరసలో శీర్షికలు రాయండి. A నిలువు వరుసలో తేదీ, B వరుసలో ముగింపు ధర, C లో ఆ రోజు పెరుగుదల (తగ్గితే సున్నా), D లో తగ్గుదల (పెరిగితే సున్నా, తగ్గుదలను ధన సంఖ్యగానే రాయాలి). ధరలు రెండో గడి నుంచి మొదలైతే మార్పులు మూడో గడి నుంచి వస్తాయి. పద్నాలుగు మార్పులు పదహారో గడికి పూర్తవుతాయి. E వరుస పదహారో గడిలో C3 నుంచి C16 వరకూ సగటు, F వరుసలో అలాగే D కి సగటు. పదిహేడో గడి నుంచి సూత్రం మారుతుంది: E16ను 13తో గుణించి, C17ను కలిపి, 14తో భాగించాలి. F కూ అంతే. G లో, E ని E, F ల మొత్తంతో భాగించి 100తో గుణించండి. గడి పట్టుకుని కిందికి లాగితే వైల్డర్ ఆర్‌ఎస్‌ఐ సిద్ధం.

పక్కన ఇంకో రెండు వరుసలు పెట్టి సాధారణ సగటుతో ఒకటి, ఈఎమ్‌ఏతో ఒకటి కట్టండి. ఇక అనుమానమున్న ప్రోగ్రాము చూపే అంకె ఈ మూడింటిలో దేనితో కలుస్తుందో చూస్తే చాలు, దాని గుట్టు బయటపడుతుంది.

ఎక్సెల్ లేకుండా పసిగట్టే గుర్తు కూడా ఒకటుంది. ధర పెద్దగా కదలని రోజున ఆర్‌ఎస్‌ఐ ఉన్నట్టుండి గెంతితే, పద్నాలుగు రోజుల వెనక్కి వెళ్లి చూడండి. అక్కడ పెద్ద కదలిక ఉండి, అది లెక్కలోంచి జారిపోయిన రోజు ఇదే అయితే అది సాధారణ సగటే. వైల్డర్ సగటులో అలా గెంతడం ఉండదు.

నాలుగో అడుగు: చరిత్ర ఎంత ఉంది?

ధరలు ఒకటే, సగటు ఒకటే, అయినా అర పాయింటో ఒక పాయింటో తేడా. ఇప్పుడు చూడవలసింది లెక్క ఎక్కడ మొదలైందన్నది. వైల్డర్ సగటులో పాతదేదీ పూర్తిగా పోదని, అంటే మొదట కట్టిన సగటును విత్తనంలా మోసుకుంటూ వస్తుందని చెప్పాను కదా. మొదలైన 30 క్యాండిళ్ల తర్వాత కూడా ఆ తొలి సగటుకు దాదాపు 11 శాతం బరువు మిగిలి ఉంటుంది. 50 తర్వాత రెండున్నర శాతం. 100 దాటాక వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు.

కాబట్టి ఒక ప్రోగ్రాములో ఐదేళ్ల డేటా, ఇంకోదానిలో మూడు నెలల డేటా ఉంటే అవి కలవవు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. పోల్చే తేదీకి ముందు రెండింటిలోనూ కనీసం 200 క్యాండిళ్లు ఉండేలా చూడండి, తేడా కరిగిపోతుంది. ఎక్సెల్‌కూ ఇదే నియమం. చిక్కు వచ్చేది కొత్తగా లిస్టయిన షేర్లతోనూ వారపు, నెలవారీ చార్టులతోనూ. అక్కడ 200 నెలలు అంటే పదహారేళ్లు దాటుతుంది. అలాంటిచోట రెండు చార్టులనూ ఒకే తేదీ నుంచి మొదలుపెట్టించడం తప్ప దారి లేదు.

ఐదో అడుగు: మిగతా ఇండికేటర్లు

ఏటీఆర్ (ధర సగటున ఎంత ఊగుతుందో చెప్పేది): ట్రేడింగ్‌వ్యూ మామూలుగా వైల్డర్ సగటు వాడుతుంది, మెటాట్రేడర్ సాధారణ సగటు వాడుతుంది. ట్రేడింగ్‌వ్యూ సెట్టింగులో స్మూతింగ్‌ను ఎస్‌ఎమ్‌ఏగా (అంటే సాధారణ సగటుగా) మారిస్తే కలుస్తాయి. సూపర్‌ట్రెండ్ అనే ఇండికేటరు ఏటీఆర్ మీదే నిలబడింది కాబట్టి దానికీ ఈ జబ్బే. పైగా దాని కాలం, గుణకం కొన్నిచోట్ల 7, 3 అనీ కొన్నిచోట్ల 10, 3 అనీ ముందే పెట్టి ఉంటుంది.

ఎమ్‌ఏసీడీ (రెండు ఈఎమ్‌ఏల మధ్య తేడా): మెటాట్రేడర్‌లో దాని సగటైన సిగ్నల్ గీతకు సాధారణ సగటు, ట్రేడింగ్‌వ్యూలో ఈఎమ్‌ఏ. ట్రేడింగ్‌వ్యూలో దీన్ని మార్చుకోవచ్చు. అంతకంటే ఎక్కువ మోసపోయేది నిలువు కడ్డీల దగ్గర. మెటాట్రేడర్‌లో కడ్డీలంటే ఎమ్‌ఏసీడీయే. ట్రేడింగ్‌వ్యూలో ఎమ్‌ఏసీడీకీ సిగ్నల్‌కూ మధ్య ఉన్న తేడా. కడ్డీని కడ్డీతో పోలిస్తే మామిడికాయకూ చింతకాయకూ పోటీ పెట్టినట్టే.

బోలింగర్ బ్యాండ్లు (సగటు గీతకు పైనా కిందా గీసే హద్దులు) ప్రోగ్రాముల మధ్య చాలావరకు కలుస్తాయి. ఎక్సెల్‌లో మాత్రం ప్రామాణిక విచలనానికి రెండు సూత్రాలున్నాయి. 20 రోజుల బ్యాండుకు చివర పీ ఉన్నది 20తో భాగిస్తుంది, ఎస్ ఉన్నది 19తో. చార్టులు వాడేది పీ రకాన్ని. ఎస్ వాడితే బ్యాండు రెండున్నర శాతం వెడల్పవుతుంది.

ఏడీఎక్స్ (ధర ఒక దిక్కుకు ఎంత బలంగా సాగుతోందో చెప్పేది): మెటాట్రేడర్ మామూలు ఏడీఎక్స్‌లో ఈఎమ్‌ఏ ఉంటుంది. మెటాట్రేడర్ 5లో వైల్డర్ పేరుతో ఇంకొకటి విడిగా ఉంది, కావలసింది అది.

స్టోకాస్టిక్ (ఇటీవలి గరిష్ఠ, కనిష్ఠాల మధ్య ముగింపు ఎక్కడుందో చెప్పేది): ముందే పెట్టి ఉండే అంకెలు మెటాట్రేడర్‌లో 5, 3, 3. ట్రేడింగ్‌వ్యూలో 14, 1, 3. వాటిని సరిచేశాక కూడా కొద్ది తేడా మిగిలితే ఆశ్చర్యపోకండి. స్లోయింగ్ 3 పెట్టినప్పుడు ట్రేడింగ్‌వ్యూ మూడు విలువల సగటు కడుతుంది. మెటాట్రేడర్ మాత్రం భాగహారంలోని పై అంకెలను విడిగా, కింది అంకెలను విడిగా కూడి, ఆ తర్వాత భాగిస్తుంది. స్లోయింగ్ 1 పెడితే రెండూ కలుస్తాయి. అంతకుమించి కలపాలంటే సొంతంగా స్క్రిప్టు రాసుకోవాలి. నేనైతే ఆ శ్రమ పడలేదు.

ఆరో అడుగు: ఐదు తేదీలతో పరీక్ష

ఒక్క తేదీకి కలిసిందని సంబరపడవద్దు. యాదృచ్ఛికంగానూ కలవవచ్చు. పెద్దగా పెరిగిన రోజు ఒకటి, పడిన రోజు ఒకటి, మందకొడిగా సాగిన రోజు ఒకటి, ఇంకో షేరులో రెండు తేదీలు తీసుకుని పోల్చండి. ఐదింటిలోనూ తేడా 0.1 లోపు ఉంటే చాలు. దశాంశాలను ఎక్కడ సవరిస్తారన్న దాని మీద ఆ మాత్రం తేడా ఉంటుంది.

కలిశాక పుస్తకంలో ఒక పేజీకి ఇవి రాసుకోండి: ప్రోగ్రాము పేరు, ఎక్స్ఛేంజి, డివిడెండు సవరణ ఉందా లేదా, క్యాండిల్ మొదలయ్యే వేళ, సగటు రకం, కాలం, డేటా మొదటి తేదీ, పోల్చిన ఐదు తేదీల విలువలు. ప్రోగ్రాము కొత్త వెర్షను వచ్చినప్పుడు, మీ షేరుకు బోనసో విభజనో జరిగినప్పుడు ఆ పేజీ తీసి మళ్లీ చూడండి. బోనసు తర్వాతి తేదీల విలువలు రెండింటిలో కలవకపోతే ఒకదానిలో డేటా సవరణ ఇంకా జరగలేదేమో చూడండి.

ఇంతకీ రెంటిలో ఏది అసలు ఆర్‌ఎస్‌ఐ అని బావమరిది అడుగుతూనే ఉన్నాడు. పేరు ప్రకారం చూస్తే వైల్డర్‌దే అసలుది. కానీ అతను ఏడాదిగా 30, 70 హద్దులను సరిచూసుకున్నది తన ఈఎమ్‌ఏ స్క్రిప్టు మీద. దాన్ని వదిలేసి నా అంకెకు మారితే ఆ ఏడాది పరిశీలన వృథా. అందుకే అతని స్క్రిప్టును అలాగే ఉంచి, నాతో మాట్లాడేటప్పుడు చూసుకోవడానికి పక్కన వైల్డర్‌ది ఇంకొకటి పెట్టించాను. మొన్న ఫోను చేసినప్పుడు ముందుగా "బావా, ఏ పుట్టి లెక్క?" అని అడిగి, ఆ తర్వాతే అంకె చెప్పాడు.